జంటచిత్రమా, ద్వంద్వ చిత్రమా?

సందేహం: పారిస్ ఓపెరా భవనం లోపలి మెట్లను చూపే పాతకాలపు స్టీరియోస్కోపిక్ ఫొటో (ఒకే అట్టమీద ఒకే దృశ్యం పక్కపక్కన రెండుసార్లు ఉండేది) కింద ‘ద్వంద్వ అంతర్గత ఛాయాచిత్రం’ అని ఎవరో రాశారు. ఇది సరైన ప్రయోగమేనా? స్టీరియో అంటే రెండు అనేగా?

సమాధానం: కాదండీ. రెండు స్పీకర్లలో పాటలు విని విని మనకలా అలవాటైంది. గ్రీకులో ‘స్టీరియోస్’ అంటే గట్టిది, ఘనమైనది. బల్లపరుపు బొమ్మను ఘనరూపంగా చూపిస్తుంది కనుకే బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్ 1838లో తన పరికరాన్ని స్టీరియోస్కోప్ అన్నాడు. సూక్ష్మదర్శిని, దూరదర్శిని ఉన్నాయి కదా, దీన్ని ‘ఘనదర్శిని’ అనవచ్చు.

అందులో పెట్టి చూసే అట్టకు మాత్రం రెండు అన్న భావమే కావాలి. మన కళ్ల మధ్య దూరం సుమారు రెండున్నర అంగుళాలు. దాదాపు అంతే ఎడంతో తీసిన రెండు ఫొటోలు దానిమీద పక్కపక్కన ఉంటాయి. చూపు తిప్పి తిప్పి వెతికితే గానీ తేడా తెలియదు. ఘనదర్శినిలో పెట్టగానే ముందున్న స్తంభం ముందుకొస్తుంది, మెట్లు వెనక్కి జరుగుతాయి. కొన్ని ఫ్రెంచి చిత్రాలను పలచని కాగితంమీద అచ్చువేసి, వెనక రంగులద్ది, దీపాలున్నచోట సూదితో చిల్లులు పొడిచేవారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే షాండ్లియర్ వెలిగినట్టే ఉంటుంది!

ఇంత దగ్గరి పోలికకు ‘ద్వంద్వం’ నప్పదు. సంస్కృతంలో అది జంటే, ఒప్పుకుంటాను. తెలుగులో మాత్రం ఆ మాట వినగానే శీతోష్ణాలు, సుఖదుఃఖాలు, లేదంటే ద్వంద్వ నీతి గుర్తొస్తాయి. ‘జంట’కు ఆ పేచీ లేదు. జంటకవులు అంటున్నాం, జంటచిత్రం అనడానికేం? అట్ట ఒకటే కనుక ఏకవచనమే.

ఇక ‘అంతర్గత’. అంతర్గత కలహాలు, అంతర్గత విచారణ సరే. అంతర్గత ఛాయాచిత్రం అంటే ఎక్స్‌రే ఏమో అనుకుంటారు! ‘అంతర్భాగం’ తప్పు కాదు గానీ, ‘జీవితంలో అంతర్భాగం’ వంటి వాడుకవల్ల దానికి విడదీయరాని భాగమన్న అర్థం బలపడింది. చక్కని ‘లోపలి’ ఉండగా అంత దూరం ఎందుకు? ‘పారిస్ ఓపెరా లోపలి మెట్లు: జంటచిత్రం’ అని రాస్తే సరిపోయేది.