విదేశీ వాలంటీర్లు యుద్ధంలో ఎవరి యూనిఫాం వేసుకుంటారు?

వేరే దేశం తరఫున యుద్ధానికి వెళ్ళినవాళ్ళు సొంత దేశం యూనిఫాం, జెండా పెట్టుకోవచ్చా అని అడిగారు. యూనిఫాం మాత్రం చేరిన సైన్యానిదే. సొంత దేశానికి దక్కేది మహా అయితే చేతి మీద ఒక బ్యాడ్జి.

మాది విజయనగరం జిల్లా, రాజాం దగ్గర పల్లెటూరు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేశాను. కొంతకాలం నన్ను ఒక గూర్ఖా బెటాలియన్‌కి అటాచ్ చేశారు. అక్కడ జవాన్లలో చాలామంది నేపాల్ పౌరులు. భారత్, నేపాల్, బ్రిటన్ చేసుకున్న 1947 ఒప్పందం నుంచీ నేపాలీలు మన సైన్యంలో చేరుతూ వచ్చారు (2022లో అగ్నిపథ్ వచ్చాక నేపాల్ నుంచి భర్తీ ఆగిపోయింది). జ్వరమని ఎంఐ రూంకి (యూనిట్‌లో జవాన్లని చూసే వైద్య గది) వస్తే రిజిస్టర్‌లో నంబరు, ర్యాంకు, పేరు, కంపెనీ రాసేవాణ్ణి. దేశం అనే గడి లేదు. ఓరగా పెట్టే ఆ గూర్ఖా టోపీ, దాని పట్టీ గడ్డం కిందకి పోకుండా కింది పెదవి కింద ఆగడం, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు కుక్రీల (గూర్ఖాల వంపు కత్తులు) బ్యాడ్జి, ఇవన్నీ రెజిమెంట్ గుర్తులు. నేపాల్ జెండా ఎక్కడా కనిపించదు. నిజానికి ఆ యూనిట్‌లో వేరే బ్యాడ్జి ఉన్నది నాకే, కర్రకి పాము చుట్టుకున్న మెడికల్ కోర్ బ్యాడ్జి!

దీనికి తిరగేసిన కథ మనవాళ్ళదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ సైనికుల నుంచి సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఇండియన్ లీజియన్ అనే దళాన్ని తయారుచేశారు. వాళ్ళు వేసుకున్నది జర్మన్ సైన్యం బట్టలే. కుడి చేతి మీద మాత్రం మూడు రంగుల మీద దూకుతున్న పులి, పైన జర్మన్‌లో 'స్వేచ్ఛా భారతం' అన్న అక్షరాలు. సిక్కులు తలపాగా వదల్లేదు. అమెరికా యుద్ధంలోకి దిగకముందే బ్రిటన్ వైమానిక దళంలో చేరిన అమెరికన్లదీ ఇదే పద్ధతి. ఈగిల్ స్క్వాడ్రన్లని మూడు ఉండేవి. బ్రిటిష్ యూనిఫాం మీద గద్ద బ్యాడ్జి. 1942 సెప్టెంబర్‌లో వాళ్ళని అమెరికా సైన్యంలోకి మార్చారు.

బట్ట గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, పట్టుబడినప్పుడు అదే పనికొస్తుంది. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఒక దేశం సైన్యంలో సభ్యుడైనవాడు శత్రువుకి చిక్కితే యుద్ధఖైదీ. ఏ దేశంలో పుట్టాడన్నది లెక్కలోకి రాదు. దానికి 1977లో చేర్చిన ప్రోటోకాల్ ప్రకారం డబ్బు కోసమే పోరాడే కిరాయి సైనికుడికి ఆ హక్కు ఉండదు. కానీ సైన్యంలో సక్రమంగా చేరినవాణ్ణి కిరాయివాడని అనడానికి వీల్లేదు.

రాసుకున్న చట్టం వేరు, యుద్ధంలో జరిగేది వేరు. 2022లో ఇద్దరు బ్రిటిషర్లు, ఒక మొరాకో కుర్రాడు యుక్రెయిన్ సైన్యంలో పనిచేస్తూ పట్టుబడ్డారు. తూర్పు యుక్రెయిన్‌లో దోనెత్స్క్‌లోని రష్యా అనుకూల కోర్టు వాళ్ళని కిరాయి సైనికులని మరణశిక్ష వేసింది. సెప్టెంబర్‌లో ఖైదీల మార్పిడిలో బయటపడ్డారు కాబట్టి సరిపోయింది.

ఇది చదివి 'నేనూ వెళ్తా' అనే కుర్రాళ్ళు మా వైపూ ఉన్నారు. ఆర్మీ భర్తీ ర్యాలీలో తప్పినవాళ్ళకి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ హెల్పర్ ఉద్యోగమని చెప్పి మనవాళ్ళని రష్యాకి తీసుకెళ్ళి సైన్యంలో పడేసిన ఏజెంట్ల మీద 2024లో సీబీఐ కేసు పెట్టింది. అక్కడ ఒంటి మీద సైన్యం బట్టలు ఉన్నా, వాలంటీర్లు మాత్రం కారు. కాంట్రాక్టు రష్యన్‌లో ఉంటే ఏజెంట్ చెప్పిన అర్థం నమ్మకుండా, ఆ భాష తెలిసినవాళ్ళతో చదివించుకున్నాకే సంతకం సంగతి ఆలోచించండి.