సామూహిక కలపా? దళసరి కలపా?

సందేహం: విదేశీ విశ్వవిద్యాలయాల కొత్త భవనాల మీద మా కళాశాల పత్రికకు వ్యాసం రాశాను. అందులో ఒకచోట "సామూహిక కలపతో కట్టడం, లోపల చెక్కను బహిర్గతం చేయడం ఇప్పటి ధోరణి. కెనడాలో 18 అంతస్తుల హాస్టలును పూర్తిగా చెక్కతోనే కట్టారు" అన్నాను. పెద్ద భవనాలు కట్టే మందపాటి కలపను ఇంగ్లీషులో మాస్ టింబర్ అంటారు గదా, దానికి ‘సామూహిక కలప’ తప్పనీ, ‘ద్రవ్యరాశి కలప’ అనాలనీ మా ఫిజిక్స్ మాస్టారు పట్టుబడుతున్నారు. ఏది ఒప్పు? చెక్క, కర్ర, కొయ్య, కలప – వీటిలో ఏది రాసినా ఒకటేనా?
– ఒక అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రెండూ ఒప్పు కావమ్మా. పదిమంది కలిసి చేసేది సామూహికం. సామూహిక వివాహాలుంటాయి, ఇంద్రకీలాద్రి మీద సామూహిక కుంకుమార్చనలుంటాయి. దుంగలు కూర్చుని చేసే వ్రతాలేవీ లేవు. ఇక మాస్టారి ద్రవ్యరాశి అగ్గిపుల్లకూ ఉంటుంది, దూలానికీ ఉంటుంది. ఆ మాటతో ఈ కలపకు వచ్చే ప్రత్యేకత ఏమీ లేదు. పోనీ ‘మాస్ టింబర్’ అనే ఉంచేద్దామా అంటే, గాంధీనగర్ సినిమా హాళ్ల మధ్య పెరిగిన నాబోటి బెజవాడవాడికి ఆ మాట వెంట ఈలలు కూడా వినిపిస్తాయి!

ఇక్కడ ‘మాస్’ అంటే మందం, గట్టిదనం. జర్మన్‌లో ‘మాసివ్‌హోల్ట్స్’ అంటే లోపల బోలు లేని గట్టి కలప. అందుకని నేనైతే ‘దళసరి కలప’ అంటాను. దళసరి దుప్పటి, దళసరి అట్ట మనకు ఇంట్లో మాటలే. పైగా ఈ కలప గుణమంతా ఆ మందంలోనే ఉంది. చెక్క ఇల్లు అనగానే నిప్పు భయం గదా. భోగిమంట గుర్తు చేసుకోండి. పుల్లలూ తాటాకులూ భగ్గున మండి బూడిదవుతాయి. లావుపాటి మొద్దు మాత్రం పైన బొగ్గుకట్టి, మధ్యాహ్నం దాకా రాజుకుంటూనే ఉంటుంది. విడగొట్టి చూస్తే లోపల కాలని చెక్క. పైన ఏర్పడ్డ ఆ బొగ్గు పొరే లోపలికి వేడిని తొందరగా పోనివ్వదు. దళసరి దూలాలకు మంటల్లో ఎంతసేపు ఓర్చుకునే బలం ఉంటుందో ఇంజనీర్లు లెక్కగట్టేది ఈ సూత్రం మీదే. ‘సామూహిక’ అన్నప్పుడు పాఠకుడికి ఇందులో ఒక్క ముక్కయినా అందుతుందా?

దళసరి అన్నాం గదా అని అంత లావు మానును అడవి నుంచి తెచ్చి నిలబెడతారనుకోవద్దు. చిన్న చిన్న చెక్కలను జిగురుతో అతికిస్తారు. నారలన్నీ ఒకే దిక్కుగా ఉండేలా అతికితే దూలాలు, స్తంభాలు వస్తాయి. జర్మనీలో ఒట్టో హెట్సర్ దీనికి 1906లోనే పేటెంటు పొందాడు. ఒక వరస నిలువుగా, దానిమీది వరస అడ్డంగా, మూడో ఐదో ఏడో వరసలు పేర్చి అతికితే గోడలకూ అంతస్తులకూ పనికొచ్చే పెద్ద పలకలవుతాయి. ఇది 1990లలో ఆస్ట్రియా, జర్మనీల్లో ఊపందుకున్న పద్ధతి. మొదటిదాన్ని ‘జిగురు దూలం’ అనవచ్చు. రెండోదానికి, మంగళగిరి పక్కనే ఉన్నాం కాబట్టి, ‘పడుగుపేక పలక’ అనాలని నాకు మహా సరదాగా ఉంది. కానీ మగ్గం మీద పడుగు, పేక ఒకదానిలోంచి ఒకటి దూరతాయి. ఇక్కడ ఒకదానిమీద ఒకటి ఊరికే పడుకుంటాయి. నేతగాళ్లు ఒప్పుకోరు. ‘అడ్డపొరల పలక’తో సరిపెట్టుకుందాం.

చెక్క, కర్ర వగైరా ఒకటి కావు. చెక్కింది చెక్క. కోసిన ముక్క, పలక, నిమ్మచెక్క, దాల్చినచెక్క అన్నీ ఆ కోవలోవే. ‘చెక్క భవనం’ అంటే నా కళ్లకు బస్టాండు దగ్గరి కిళ్లీ బడ్డీ కనబడుతుంది. కర్ర మన జిల్లాల్లో చేతికర్ర నుంచి టేకు కర్ర దాకా అన్నిటికీ చెల్లుతుంది గానీ రాతలో పలచబడుతుంది. కొయ్య బొమ్మలకు అందం. కొండపల్లి బొమ్మను పొణికి చెక్కతో చేసినా దాన్ని కొయ్యబొమ్మ అనే అంటాం. కట్టె అన్నారంటే పొయ్యిలోకే. కట్టుబడికి వాడే సరుకు కలప. అడితిలో ఉండేదీ అదే. కాబట్టి కలప భవనం అనండి. తెలుగు మాట పక్కన సంస్కృత మాట కూర్చుందని ఎవరైనా గొణిగితే గొణగనివ్వండి. దారుభవనం అన్నా తప్పు లేదు, కాకపోతే రథం గుర్తొస్తుంది.

‘బహిర్గతం’ రహస్యాలకు, కుంభకోణాలకు వదిలేయండి. పూత వేయకుండా, పైన ఏ పలకా కప్పకుండా ఉంచిన కలపను ‘కనబడేలా వదిలిన కలప’ అంటే చాలు. సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2023లో తెరిచిన ‘గయా’ భవనం అలాంటిదే. జపాన్ వాస్తుశిల్పి టోయో ఇటో రూపకల్పనలో పాలుపంచుకున్నారు.

మీరు చెప్పిన కెనడా హాస్టలు వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానిది, 2017 నాటిది. అక్కడ మీ వ్యాకరణం బాగానే ఉంది, ‘పూర్తిగా’ అన్న మాటే అబద్ధం. కింది అంతస్తు కాంక్రీటు. మెట్లూ లిఫ్టులూ ఉండే రెండు గోపురాల్లాంటి నిలువు భాగాలూ కాంక్రీటే. పై 17 అంతస్తులే కలపవి. పైగా అగ్నిభద్రత కోసం లోపల చాలావరకు జిప్సం పలకలు కప్పేశారు. కలప కనబడేది తక్కువ. ‘ప్రధానంగా కలపతో’ అని దిద్దండి.

ఒక చిన్న జాగ్రత్త కూడా. ‘జిగురుతో కలపను కలిపి’ అని రాశారనుకోండి, ప్రూఫులు చూసే అబ్బాయి మొదటి ‘కలపను’ చదివి మీరు ఏదో కలపనని మొరాయిస్తున్నారనుకుంటాడు. అక్కడ ‘అతికి’ అనండి.