టీఎస్‌హెచ్ 7.2 వస్తే బిళ్ళ మొదలుపెట్టాలా? నా అనుభవం

మీరు అడిగింది ఇది: వయసు 29. నీరసం, జుట్టు రాలడం ఎక్కువై థైరాయిడ్ పరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ 7.2, ఫ్రీ టీ4 1.1 వచ్చాయి. ఒక డాక్టర్ 25 మైక్రోగ్రాముల బిళ్ళ రాశారు. ఇంకో డాక్టర్ రెండు మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి, మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందేనా, క్యాబేజీ మానేయాలా?

నేను డాక్టర్‌ని కాదు, గుంటూరు జిల్లాలో హైస్కూల్ టీచర్‌ని. 2016 నుంచి థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటున్నాను. మీ రిపోర్టు చూసి టెన్షన్ పడటం నాకు బాగా అర్థమవుతుంది. నా మొదటి రిపోర్టులో అంకె పక్కన ముద్దక్షరాల్లో 'హై' అని చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ ఇద్దరు డాక్టర్లలో ఎవరూ తప్పు చెప్పలేదు. మీ అంకె ఇద్దరూ న్యాయంగా వాదించగలిగే చోట ఉంది. ఎందుకో చెప్తాను.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి దాన్ని పంపుతుంది. గొంతు దగ్గరున్న థైరాయిడ్‌ని 'పని చెయ్యి' అని పిలిచే పిలుపు అది. ఒకసారి పిలిస్తే పలకని పిల్లాడిని తల్లి గొంతు పెంచి పిలుస్తుంది కదా, అలాగే థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. చాలామంది ఇక్కడే తికమకపడతారు. 'థైరాయిడ్ ఎక్కువ వచ్చింది' అంటారు, నిజానికి ఎక్కువైంది పిలుపు, తక్కువైంది థైరాయిడ్. టీ4 అనేది థైరాయిడ్ తయారుచేసే హార్మోన్. ఆ పిలుపుకి పిల్లాడు పలికాడా లేదా అన్నది ఫ్రీ టీ4 అంకె చెబుతుంది. అందుకే రెండూ కలిపి చదవాలి. చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ మామూలు హద్దు సుమారు 0.4 నుంచి 4.5 దాకా, ఫ్రీ టీ4 సుమారు 0.8 నుంచి 1.8 దాకా ఉంటాయి. ల్యాబుని బట్టి కొద్దిగా మారతాయి కాబట్టి మీ రిపోర్టులో పక్కన అచ్చయిన హద్దునే చూసుకోండి.

మీకు పిలుపు కాస్త గట్టిగానే ఉంది, కానీ టీ4 ఇంకా సరిపడా వస్తోంది. దీన్ని డాక్టర్లు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. టీఎస్‌హెచ్ 10 దాటితే ఎక్కువమంది బిళ్ళ మొదలుపెడతారు. 10 లోపు ఉంటే మనిషిని బట్టి నిర్ణయిస్తారు. ఏదైనా పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు కూడా టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పెరిగి, మళ్ళీ తనంతట తానే దిగిపోవచ్చు. రోజులోనూ అది ఒక్కలాగే ఉండదు, రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఒక్క పరీక్షతో తేల్చకుండా మళ్ళీ చూద్దామనడం అందుకే. రెండోసారి కూడా మొదటిసారి వెళ్ళిన వేళకే, వీలైతే అదే ల్యాబుకి వెళ్ళండి.

ఆ రెండో పరీక్షలో యాంటీ టీపీఓ కూడా చేయించమని డాక్టర్‌ని అడగండి. మన ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అన్నది దాంతో తెలుస్తుంది. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టర్ మొదట వివరించారు కాబట్టి ఆ జబ్బుకి ఆయన పేరే ఉండిపోయింది. నాది అదే. యాంటీ టీపీఓ ఎక్కువగా ఉంటే ముందుముందు థైరాయిడ్ ఇంకా మందగించే అవకాశం ఎక్కువ. అప్పుడు బిళ్ళ వైపు మొగ్గడం సబబే.

నా సంగతి మీకన్నా చాలా ముదిరాక బయటపడింది. ఆ వేసవిలో ఇంట్లో అందరూ కూలర్ ముందు కూర్చుంటే నేను లోపలి గదిలో ఫ్యాన్ కట్టేసి దుప్పటి కప్పుకునేదాన్ని. చేతులు ఉబ్బి, సబ్బు రాసుకున్నా గాజులు దిగేవి కావు. మలబద్ధకం, మతిమరుపు, నెలసరిలో విపరీతంగా రక్తస్రావం. 'రెండో కాన్పు తర్వాత ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా' అన్నారు అత్తయ్యగారు. నేనూ అదే నమ్మాను. జూన్‌లో బడి తెరిచాక పాఠం చెబుతుంటే రెండో బెంచీలో పిల్ల లేచి, 'టీచర్, జలుబు చేసిందా? గొంతు అట్లా ఉందేంటి?' అంది. జలుబు లేదు. నా గొంతు ఎన్ని నెలలుగా బొంగురుపోయి ఉందో నాకే తెలియదు. ఆ సాయంత్రమే రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 42, ఫ్రీ టీ4 0.4.

75 మైక్రోగ్రాములతో మొదలై, ఆరు వారాల తర్వాత 100 అయింది. ఈ ఆరు వారాల లెక్క గుర్తుంచుకోండి. ఈ బిళ్ళలోని మందు లెవోథైరాక్సిన్, అది ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. మోతాదు మార్చాక అది స్థిరపడటానికి ఆరు వారాలైనా కావాలి. పదిహేను రోజులకే పరీక్ష చేయించుకుని 'తగ్గలేదే' అని కుమిలిపోతే డబ్బూ మనశ్శాంతీ రెండూ పోతాయి. నాకు చలి, మలబద్ధకం నెలలోపే తగ్గాయి. గొంతు రెండు నెలలకి తేటపడింది. జుట్టు రాలడం ఆగడానికి మాత్రం ఐదారు నెలలు పట్టింది.

నేను చేసిన పెద్ద పొరపాటు తర్వాత జరిగింది. ఏడాదిన్నర అంతా బాగుంది. మోకాళ్ళ నొప్పులకి కాల్షియం రాస్తే, మర్చిపోకుండా ఉంటుందని రెండు బిళ్ళలూ కలిపి ఆరున్నరకి ఫిల్టర్ కాఫీతో మింగడం మొదలుపెట్టాను. టీఎస్‌హెచ్ 11కి ఎగబాకింది. మోతాదు 125 చేశారు. అయినా 6 దగ్గరే నిలిచింది. మళ్ళీ పెంచే ముందు డాక్టర్ గారు కలం పక్కన పెట్టి, 'బిళ్ళ ఎన్నింటికి వేసుకుంటారు? దేంతో వేసుకుంటారు?' అని అడిగారు. చెప్పాను. కాఫీ, కాల్షియం, ఐరన్ మూడూ ఈ మందుని పేగుల్లో ఒంటికి పట్టనివ్వవట. అలవాటు మార్చుకున్నాను, కానీ మోతాదు 125 దగ్గరే ఉండిపోయింది. రెండు నెలలు తిరిగేసరికి గుండె దడ, బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీసు వణకడం. టీఎస్‌హెచ్ 0.08కి పడిపోయింది. తిరిగి 100కి వచ్చాక కుదుటపడ్డాను. మందు ఎక్కువైనా ప్రమాదమే. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. 'ఇంకో పాతిక పెంచుకుంటే హుషారుగా ఉంటాం, బరువు తగ్గుతాం' అని సొంతంగా పెంచుకునేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఐదున్నరకి లేవగానే పరగడుపున, ఒట్టి నీళ్ళతో బిళ్ళ. కాఫీ గంట తర్వాతే. కాల్షియం, ఐరన్ ఏవైనా కనీసం నాలుగు గంటల ఎడం, అందుకే నేను రాత్రి భోజనం తర్వాత వేసుకుంటాను. పొద్దున్నే కుదరనివాళ్ళు రాత్రి తిన్న మూడు గంటలకి పడుకునే ముందు వేసుకోవచ్చు, రోజూ ఒకే వేళ అయితే చాలు. ఉపవాసం రోజు కూడా మానకండి. సీసాని స్టవ్ పక్కన అరలోనో, బాత్రూంలోనో పెట్టకండి, వేడికీ తేమకీ మందు పాడవుతుంది. పరీక్ష రోజు మాత్రం రక్తం ఇచ్చాకే బిళ్ళ వేసుకుంటాను.

మీకు జుట్టు రాలుతోందన్నారు కాబట్టి ఇంకో మాట. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో చాలావాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. కొన్ని ల్యాబుల పద్ధతుల్లో అది థైరాయిడ్ అంకెల్ని తారుమారు చేస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అలాంటివి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పి, పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

నీరసానికంతా థైరాయిడ్‌నే నిందించకండి. నా టీఎస్‌హెచ్ 2.5కి వచ్చాక కూడా మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. చూస్తే హిమోగ్లోబిన్ 9. అన్నేళ్ళ అధిక రక్తస్రావం ఊరికే పోదు కదా. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష), బి12, విటమిన్ డి కూడా ఒకసారి చూపించుకోండి. మీ జుట్టుకి అసలు కారణం ఐరన్ లోపమే కావచ్చు. బరువు సంగతీ అంతే. థైరాయిడ్ తక్కువ కావడం వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరూ ఒంట్లో నిలవడం వల్లే. మిగతా బరువు బిళ్ళతో దిగదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని మామూలుగా తినండి. పచ్చివి రోజూ కుప్పలుగా తింటే తప్ప ఇబ్బంది లేదు. అయోడైజ్డ్ ఉప్పు వాడుతుంటే అయోడిన్ మాత్రలు విడిగా వద్దు, హషిమోటో ఉన్నవాళ్ళకి ఎక్కువ అయోడిన్ చేటు చేస్తుంది. ధనియాల నీళ్ళు తాగితే తాగండి, కానీ బిళ్ళకి బదులుగా వద్దు. మా వీధిలో ఒకావిడ అలా ఎనిమిది నెలలు బిళ్ళ మానేసి, ముఖమంతా నీరు పట్టి, మాట ముద్దగా వచ్చే స్థితిలో ఆస్పత్రిలో చేరారు. ఆవిడ్ని తీసుకెళ్ళిన ఆటోలో నేనూ ఉన్నాను.

జీవితాంతమా అంటే, నాకు అవును. మీకు అప్పుడే ఎవరూ చెప్పలేరు. మీలాంటి అంకెలున్నవాళ్ళలో కొందరికి తిరిగి మామూలుకి వస్తుంది. మొదలుపెట్టినా, తర్వాత డాక్టర్ పర్యవేక్షణలో ఆపి చూసే వీలుంటుంది. జీవితాంతమైనా ఇది కొత్తగా ఒంట్లోకి ఎక్కించే విషమేమీ కాదు, మన గ్రంథి తయారుచేసే టీ4నే బయటినుంచి ఇస్తున్నారు.

మీరు రాయని విషయం ఒకటుంది. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా, లేక త్వరలో ఆలోచన ఉందా? ఉంటే మూడు నెలలు ఆగే లెక్క మీకు వర్తించదు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది, అందుకే గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తారు. ఈ మాట ఈ వారమే డాక్టర్‌కి చెప్పండి. ఇప్పటికే బిళ్ళ మొదలుపెట్టి ఉంటే, నెల తప్పిందని తెలిసిన రోజే ఫోన్ చేయండి. అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు.