అమెరికా కోర్టు తీర్పు చూసి పొలం అమ్మకండి

ప్రశ్న: మాది ఆదోని. ఓసీలం. ఏడాదికి ఐదారు లక్షల ఆదాయం, నాలుగెకరాల పొలం. మా వాడు ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. ఇక్కడి రిజర్వేషన్లలో సీటు రాదని భయం. 2023లో అమెరికా సుప్రీంకోర్టు అక్కడి కోటా కొట్టేసింది, మనవాళ్లకు ఇక తిరుగులేదని కన్సల్టెన్సీ అతను అంటున్నాడు. రెండెకరాలు అమ్మి బీటెక్‌కు అక్కడికే పంపాలా? ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది అమెరికా గురించి, టెన్షన్ మాత్రం ఇక్కడి సీటు గురించి. ఎండాకాలం వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు మామూలే.

ఆ కన్సల్టెన్సీ అతను సగమే చెప్పాడు. అక్కడ కోటా పోయింది 1978లోనే. డేవిస్ మెడికల్ కాలేజీ 100 సీట్లలో 16 మైనారిటీ జాతుల వాళ్లకు విడిగా పెడితే, సీటు రాని బాకీ అనే అతను కోర్టుకెక్కి గెలిచాడు. ఆ తర్వాత మిగిలింది జాతిని కూడా ఒక అంశంగా చూడటం. మిషిగన్ యూనివర్సిటీ డిగ్రీ అడ్మిషన్లలో 150 పాయింట్లకు 20 నేరుగా కలిపితే 2003లో అదీ చెల్లలేదు. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో ఆ మిగిలిన మొగ్గు కూడా పోయింది. కానీ హార్వర్డ్ కేసులో వాదనంతా అక్కడి ఏషియన్ అమెరికన్ పిల్లల గురించి. మీ వాడు విదేశీ విద్యార్థి. ఫీజు కట్టగలడా లేదా అన్నదీ చాలాచోట్ల చూస్తారు.

బీటెక్‌కే అమెరికా అనే ఈ మోజు మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఎంఎస్‌కు వెళ్లేవాళ్ల లెక్క వేరు. ఇంటర్ కాగానే వెళితే నాలుగేళ్ల ఫీజు డాలర్లలో కట్టాలి. మీ రెండెకరాలు మొదటి ఏడాదికి సరిపోతే గొప్ప. రెండో ఏడాది మిగతా రెండూ అమ్ముతారా?

ఇక ఇక్కడి సంగతి. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు రిజర్వేషన్లకు 50 శాతం హద్దు గీసింది. వేరే రిజర్వేషన్ లేని, ఆదాయం తక్కువున్న వాళ్లకిచ్చే 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటా ఆ హద్దు దాటినా, 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు 3-2తో దాన్ని నిలబెట్టింది. అది మీలాంటి ఇళ్ల కోసమే: ఆదాయం 8 లక్షల లోపు, కేంద్ర సంస్థలకైతే పొలం 5 ఎకరాల లోపు. ఇల్లు, స్థలం లెక్కా చూస్తారు. మరి సర్టిఫికెట్ తీసుకున్నారా? కన్సల్టెన్సీ చుట్టూ తిరిగే మనిషికి సచివాలయం దాకా వెళ్లే తీరిక లేదా? జోసాకు, అంటే ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీ సీట్ల కౌన్సెలింగ్‌కు, కేంద్రం నమూనాలోదే కావాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి.

కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీలోనూ ఈ 10 శాతం ఉంది. అనంతపురం జేఎన్‌టీయూ ఉండనే ఉంది. రిజర్వేషన్ల వల్ల రాదని వాడి ముందు అనడం మాత్రం మానండి. పరీక్ష రాయకముందే చేతులెత్తేస్తాడు.

ర్యాంకు వచ్చాక ఆప్షన్లు పెట్టేముందు మళ్లీ రాయండి. అప్పటిదాకా పొలం జోలికి వెళ్లకండి.