ఏసీ సర్వీసుకు ఆరు వందలు, ఫోన్ కాల్‌కు అరవై ఒక్క వేలు

ఎండలు ముదిరాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఏసీల మీదే ఉంటాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి చెప్పుకొనే చోట ఏసీ గోల ఏమిటని మొదట్లో పక్కన పెట్టేవాణ్ని. ఇప్పుడు ఏసీకి వైఫై వచ్చింది, యాప్ వచ్చింది, మెకానిక్‌ని పిలవాలన్నా ఫోనే దిక్కయింది. గొడవ కూడా ఫోన్లోనే మొదలవుతోంది కాబట్టి ఈసారి మూడు ఉత్తరాలూ ఏసీలవే.

ప్రశ్న: ఏసీ సర్వీసింగ్ కోసం నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. బుకింగ్‌కు పది రూపాయలు కట్టాలంటూ వాట్సాప్‌లో ఒక ఫైలు పంపారు. తెరిచి వివరాలు నింపాను. అనుమానం వచ్చి పది రూపాయలు కట్టకుండానే ఆపేశాను. అయినా రాత్రి మూడు విడతల్లో 61 వేలు పోయాయి. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఎలా పోయినట్టు? – కూకట్‌పల్లి నుంచి ఒక గృహిణి

మీరు చెప్పలేదమ్మా, మీ ఫోనే చెప్పింది. మీకు వచ్చింది ఫారం కాదు, ఏపీకే ఫైలు. అంటే అదొక యాప్. ప్లే స్టోర్ నుంచి రాని యాప్ ఇది, ప్రమాదం కావచ్చని ఫోన్ అడ్డుపడే ఉంటుంది. అవతలివాడు లైన్లోనే ఉండి ‘పర్లేదు మేడమ్, అలో నొక్కండి’ అనే ఉంటాడు. ఆ ఒక్క నొక్కుతో మీ మెసేజ్‌లు చదివే అనుమతి వాడికి దక్కింది. కార్డు నంబరు, వెనకాల ఉండే మూడంకెలు ఆ ఫారంలో మీరే నింపి ఇచ్చారు. ఇక వాడికి మిగిలింది ఓటీపీ ఒక్కటే, అది మీకు వచ్చిన క్షణమే వాడికీ చేరింది. పది రూపాయలు కట్టారా లేదా అన్నది వాడికి లెక్కే కాదు. ఆ పది రూపాయలు మీ వేళ్లను ఫోన్ మీదికి రప్పించడానికి వేసిన ఎర.

ఇలాంటి యాప్‌లు కొన్ని యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడుగుతాయి. చూపు సరిగా లేనివాళ్లకు సాయంగా ఫోన్లో పెట్టిన సదుపాయం అది. దొంగ చేతికిస్తే వాడు మీ స్క్రీన్ చదవగలడు, మీ బదులు బటన్లూ నొక్కగలడు. ఆ మీదట యాప్ గుర్తు కూడా స్క్రీన్ మీద కనపడకుండా పోవచ్చు.

వెంటనే ఏం చేయాలంటే, ఆ ఫోన్లో వైఫై, డేటా ఆపి సిమ్ తీసేయండి. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి. పాస్‌వర్డ్‌లు కూడా ఆ రెండో ఫోన్ నుంచే మార్చండి. తర్వాత పాత ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి కొత్తదానిలా మార్చండి. యాప్ తీసేశాను, చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఇక మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన మాట ‘మూడు విడతల్లో’ అన్నది. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మన పొరపాటుతో పోయిన డబ్బు మనమే భరించాలి గానీ, బ్యాంకుకు చెప్పాక పోయేది బ్యాంకే భరించాలి. మొదటి మెసేజ్ రాగానే ఫోన్ చేసి ఉంటే మిగతా రెండు విడతల సంగతి వేరేగా ఉండేది. ‘మా ఆయన వచ్చాక చూద్దామనుకున్నాను’ అని రాశారు. ఇంత పని ఎవరి కోసమూ ఆపకండి.

అసలు కోపం మాత్రం మీ మీద కాదు. ఏసీ ముఖాన స్టార్ లేబుల్ ఎంత పెద్దదో చూడండి, గది అవతల నుంచి కూడా చదవొచ్చు. సర్వీసు నంబరు మాత్రం కళ్లబడదు. డబ్బా మీద కన్స్యూమర్ కేర్ వివరాలు ఉండాలని తూనికలు కొలతల నిబంధన ఉంది, అట్టపెట్టె మీద వేస్తున్నారు కూడా. ఆ అట్టపెట్టె ఏసీ బిగించిన రోజే పాతసామాన్ల బండి ఎక్కుతుంది. వారంటీ కార్డు ఏ బీరువాలో ఉందో దేవుడికెరుక. అయిదో ఏడు ఏసీ మొరాయిస్తే జనం నెట్‌లో వెతక్క ఏం చేస్తారు? డబ్బు కట్టి పైన కనిపించే ప్రకటన, గూగుల్ మ్యాప్‌లో ఎవరో మార్చేసిన నంబరు, ఎవరో పెట్టిన పోస్టు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. చెక్కు చెదరని పది అంకెల స్టిక్కర్ ఔట్‌డోర్ యూనిట్ మీద అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? కంపెనీలు చేసేదాకా ఆ పని మీరే చేయండి. బిల్లు మీదో మాన్యువల్‌లోనో ఉన్న నంబరు చూసి, కాగితం మీద రాసి రిమోట్ వెనక టేపుతో అంటించండి.

ప్రశ్న: ప్రతి వేసవికీ మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందంటూ మూడు వేలు తీసుకుంటున్నాడు. మామూలు మెయింటెనెన్స్‌కి అసలు ఎంత అవ్వాలి? – విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

స్ప్లిట్ ఏసీ మామూలు సర్వీసు ఊరిని బట్టి అయిదారు వందలు, జెట్ వాష్ (ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగడం) అయితే ఇంకో రెండు మూడు వందలు ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు చేయించినా పదిహేను వందల దరిదాపుల్లో అయిపోవాలి. పదిహేను రోజులకోసారి ఫిల్టర్ కడగడానికి కుళాయి నీళ్లు చాలు.

గ్యాస్ పెట్రోల్ కాదండీ, ఏటా అయిపోవడానికి. అది మూసిన గొట్టాల్లో తిరిగే సరుకు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. సముద్రపు గాలికి మీ ఊళ్లో కాయిల్ (ఆ గొట్టాల చుట్ట) తుప్పు పట్టి చిల్లు పడటం మామూలే కాబట్టి మెకానిక్ అబద్ధమే చెబుతున్నాడని అనను. కానీ చిల్లు పూడ్చకుండా గ్యాస్ నింపితే వచ్చే వేసవికి మళ్లీ అదే మాట. చిల్లు వెతికి, వెల్డింగ్ చేసి, నైట్రోజన్‌తో పరీక్షించి, వ్యాక్యూమ్ చేసి (గొట్టాల్లో గాలి మొత్తం లాగేసి), అప్పుడు కాటా మీద తూచి ఎక్కించాలి. ఎంత ఎక్కించాలో ఔట్‌డోర్ యూనిట్ ప్లేట్ మీద గ్రాముల్లో ఉంటుంది. ఇప్పుడొచ్చే చాలా ఏసీల్లో ఉండే ఆర్32 అనే గ్యాస్‌కి మంట అంటుకునే గుణం ఉంది, అందుకే గ్యాస్ పూర్తిగా తీయకుండా వెల్డింగ్ మొదలుపెడితే ఆపించండి.

ఇంకో కిటుకు. మీటర్ పెట్టి ప్రెషర్ తక్కువని చూపించే ముందు ఫిల్టర్, కాయిల్ కడగమనండి. ఫిల్టర్‌కు దుమ్ము పట్టినా కాయిల్ మీదికి గాలి ఆడక ప్రెషర్ తక్కువే చూపిస్తుంది, కాయిల్ మీద మంచు కూడా కడుతుంది. కడిగాక మీటర్ సరిగ్గా చూపిస్తే మీ మూడు వేలు మిగిలినట్టే.

ప్రశ్న: కొత్త స్మార్ట్ ఏసీ. ఫిల్టర్ శుభ్రం చేయండంటూ యాప్ రోజూ నోటిఫికేషన్ పంపుతోంది, కిందే ‘సర్వీసు బుక్ చేయండి, 1,499’ అని బటన్. ఫిల్టర్ చూస్తే శుభ్రంగానే ఉంది. సెన్సర్ పాడైందా? – హనుమకొండ నుంచి ఒక విద్యార్థి

మీరనుకుంటున్న సెన్సర్ చాలా ఏసీల్లో ఉండదు. ఏసీ ఎన్ని గంటలు నడిచిందో లెక్కపెట్టి, గడువు నిండగానే వెలిగే లైటు అది. మీ గదిలో దుమ్ముందో లేదో దానికి తెలియదు. కడిగాక రీసెట్ చేస్తే ఆరిపోతుంది. గంటల లెక్కకు ‘స్మార్ట్’ అని పేరు పెట్టి, దాని కింద పదిహేను వందల బటన్ తగిలించడాన్ని నేనైతే సర్వీసు అనను.

యాప్‌కి కాంటాక్టులు, మైకు ఎందుకో చెప్పగలిగితే ఇవ్వండి, లేకపోతే తీసేయండి. లొకేషన్ మాత్రం పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏసీని కనెక్ట్ చేసే ఆ కాసేపు నిజంగానే కావాలి. పని అయ్యాక అదీ ఆపేయొచ్చు. ఏసీని గెస్ట్ వైఫైలో (అదే రౌటర్‌లో బయటివాళ్ల కోసం వేరే పాస్‌వర్డ్‌తో పెట్టుకునే వైఫై) పెట్టండి. మెకానిక్ వచ్చి అడిగినా మీ అసలు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. ఏసీ పదేళ్లు నడుస్తుంది, దాని యాప్‌కి పదేళ్లు అప్‌డేట్లు వస్తాయని రాసిచ్చిన కంపెనీ నా కంటికి ఇంకా కనపడలేదు. మా ఇంట్లో ఏసీకీ వైఫై ఉంది. రెండేళ్లుగా ఆపేసే ఉంచాను, చల్లదనం ఏమీ తగ్గలేదు.

రీసెట్ బటన్ ఎక్కడుందో చెప్పమన్నారు. ఒక్కో మోడల్‌కి ఒక్కో చోట, మాన్యువల్‌లో ఉంటుంది. మీ ఏసీకి మాన్యువల్ అచ్చు వేయలేదనీ, యాప్‌లోనే చూసుకోమన్నారనీ ఉత్తరం చివర్లో మీరే రాశారు. అయితే ఇంకోసారి లాగిన్ కాక తప్పదు.