గజ్జెల సంచి మోసే నాన్నకు

చిరంజీవి రఘుకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. మీ పెద్దమ్మ దోసెల పిండి రుబ్బుతోంది. ఆ చప్పుడులో నాకు సగమే వినిపించింది. ఆ సగంతోనే సంగతి అర్థమైందనుకో. "ఆద్యను నాట్యంలో చేర్చి నాలుగు నెలలైంది పెదనాన్నా, ఇంకా ఆ తకధిమి దగ్గరే ఉంది, ఒక్క పాటైనా మొదలుపెట్టలేదు, టీచరుని మార్చేద్దామా?" అన్నావు కదా. మా అమ్మాయి పద్మను కూచిపూడి నాట్యంలో చేర్చిన మూడో నెలలోనే నేనూ ఇదే మాట అన్నాను. అది 2006. నాకన్నా నీ ఓపిక ఒక నెల ఎక్కువే.

మార్చకు. కాస్త లెక్క చూడు. విజయదశమికి చేర్చావు. వారానికి రెండు రోజులు, రోజుకు గంట. మధ్యలో దీపావళి, సంక్రాంతి సెలవులు, ఆద్యకు జ్వరం వచ్చిన వారం, మీరు అన్నవరం వెళ్లిన వారం తీసెయ్యి. పాతిక గంటలు మిగిలితే గొప్ప. ఆ పాతిక గంటల్లో ఎనిమిదేళ్ల పిల్లకు అరమండి కుదిరితే అదే చాలు. అరమండి అంటే తేలికనుకోకు. మడమలు దగ్గరగా పెట్టి, పాదాలు చెరో పక్కకు తిప్పి, మోకాళ్లు బయటికి వంచి, నడుము మాత్రం నిటారుగా ఉంచాలి. నేనొకసారి వంటింటి గట్టు పట్టుకుని నిలబడి చూశాను. నిమిషం తిరక్కుండానే తొడలు వణికాయి. మీ పెద్దమ్మ నవ్విన నవ్వు పక్క క్వార్టరుకు వినపడింది. పిల్ల అలా నిలబడి, ఒకే అడుగును మూడు కాలాల్లో వేయాలి. తాళం వేగం మారదు. మొదటి కాలంలో ఒక్కసారి వేసిన చోట రెండో కాలంలో రెండుసార్లు, మూడో కాలంలో నాలుగుసార్లు అడుగు పడాలి. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తకతకిట అంటే అయిదు. ఈ లెక్క కాళ్లలోకి దిగకముందే పాట నేర్పితే పాట దారి పాటది, కాళ్ల దారి కాళ్లది అవుతుంది.

టీచరు ఎలాంటివారో తెలియాలంటే నీ కూతుర్ని చూడకు, అక్కడ అయిదారేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లలను చూడు. వాళ్ల నడుము నిలబడుతోందా, మోకాళ్లు ముందుకు పడిపోకుండా పక్కకే తిరుగుతున్నాయా, తాళం తప్పినప్పుడు మళ్లీ తామే అందుకుంటున్నారా? ఇవి బాగుంటే కళ్లు మూసుకుని అక్కడే ఉంచు. పిల్లలు అడుగులు వేస్తుంటే టీచరు ఫోను చూసుకుంటూ కూర్చుంటే మాత్రం, నెలకో పాట నేర్పినా సరే, వెంటనే మార్చేయి.

ఇక అసలు సంగతికి వస్తాను. పద్మకు నేర్పిన మాస్టారి తరగతి విశాఖ ద్వారకానగర్‌లో ఒక మేడ మీది షెడ్డులో జరిగేది. సాలిగ్రామపురం పోర్టు క్వార్టర్ల నుంచి అక్కయ్యపాలెం మీదుగా స్కూటరు మీద తీసుకెళ్లేవాణ్ని. మీ పెద్దమ్మకు ఆసుపత్రి డ్యూటీలు కాబట్టి ఆ పని నా వంతుకు వచ్చింది. మిగతా పిల్లల అమ్మలు మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కబుర్లు చెప్పుకునేవారు. నేనొక్కణ్నే కిటికీ పట్టుకుని నిలబడేవాణ్ని. లోపల మాస్టారు తట్టుకర్రతో తాళం వేస్తుంటే బయట నేను కిటికీ ఊచ మీద వేళ్లతో లెక్కపెట్టేవాణ్ని. పద్మ తప్పు వేస్తే తల అడ్డంగా ఊపేవాణ్ని, సరిగ్గా వేస్తే కనుబొమలు ఎగరేసేవాణ్ని. గురువుగారికి సాయం చేస్తున్నానని నా నమ్మకం.

ఒకరోజు మాస్టారు కర్ర ఆపేశారు. "అమ్మాయ్, నీ చెయ్యి ఇటుంది, చూపు కిటికీలో ఉంది. అక్కడేముంది?" అన్నారు. పిల్లలందరూ తిరిగి చూశారు. అక్కడ నేనున్నాను, ఊచ మీద వేళ్లు పెట్టుకుని.

"యతో హస్తస్తతో దృష్టిః" అని అభినయదర్పణమనే పాత నాట్యగ్రంథంలో ఉంది. చెయ్యి ఎటు పోతే చూపు అటు పోవాలి. ఆ శ్లోకాన్ని తరగతిలో పిల్లలంతా గొంతెత్తి చదువుతుంటే నేను వారం వారం వినేవాణ్ని. విని కూడా ఆ చెయ్యికీ ఆ చూపుకీ మధ్య నా మొహం పెట్టాను. మర్నాటి నుంచి మెట్లు దిగి వీధి చివరి టీ కొట్టుకు వెళ్లిపోయాను. పదకొండేళ్లలో ఆ కొట్టతని ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లకూ వెళ్లొచ్చాను. పద్మ చూపు చేతి మీదికి రావడానికి మాత్రం ఇంకో ఆరు నెలలు పట్టింది. మధ్యమధ్య కిటికీ వైపు చూసేదట, నేను లేనని తెలిసి కూడా. అందుకని రఘూ, తలుపు దాకా నీ పని, లోపల నీకు పని లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు బండి మీద "ఈరోజు ఏం నేర్పారు?" అని అడగకు. నీళ్లు తాగావా, ఆకలేస్తోందా, అంతే. ఇంట్లో సాధన రోజూ ఒకే వేళకు, రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు చేయించు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా అది వంద రెట్లు మేలు. నువ్వు చెక్క మీద తాళం వేయొచ్చు గానీ, తప్పులు దిద్దవద్దు. నువ్వు దిద్దిన తప్పును టీచరు మళ్లీ విప్పి దిద్దాల్సి వస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడు సోఫాకూ టీవీకీ మధ్య నిలబెట్టి "ఏదీ, ఒకటి చేసి చూపించు" అనే అలవాటు నీకూ ఉందని నాకు తెలుసు. సంక్రాంతికి మా ఇంట్లో చూశాను. ఆద్య వాళ్ల అమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోయింది కదా, గమనించావా?

నున్నటి టైల్స్ మీద సాక్సులతో ఆడనివ్వకు. వట్టి కాళ్లతోనే చేయాలి, చెమట పడిన చోట వెంటనే తుడవాలి. మడమ నొప్పి, పిక్కల ముందు ఎముక నొప్పి అంటే పట్టించుకో. పద్మ పదకొండో ఏట మడమ నొప్పి అంటే నేను నువ్వుల నూనె రాసి మళ్లీ తరగతికి పంపాను. మూడు వారాల తర్వాత ఎముకల డాక్టరు నన్ను ఒక్క చూపు చూసి, నెల రోజులు అడుగు వేయనివ్వవద్దన్నాడు. గట్టి నేల మీద రోజూ కొట్టే కాళ్లు అవి. విశ్రాంతి కూడా సాధనలో భాగమే అనుకో. మన ఊరి ఉక్కపోత నీకు తెలియనిది కాదు. సింథటిక్ బట్టలు వద్దు, నూలు పంజాబీ డ్రెస్సు వేసి చున్నీ నడుముకు బిగించి కట్టు. సీసాలో ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్లు పొయ్యి.

గజ్జెలు ఇప్పుడే కొనకు. టీచరు చెప్పినప్పుడు, గజ్జెపూజ చేసి కట్టుకోవాలి. తాడుకు గుచ్చినవో, తోలు పట్టీకి కుట్టినవో, కాలికి ఎన్నో టీచరునే అడుగు. చిన్నపిల్లకు బరువు మెల్లమెల్లగా పెంచాలి. ఒక్క మాట మాత్రం నా అనుభవంలోంచి చెబుతున్నాను. తరగతి అయ్యాక చెమట తడితో వాటిని ప్లాస్టిక్ కవరులో చుట్టి పడేయకు. సముద్రపు ఉప్పుగాలి మన ఇళ్ల కిటికీ ఊచలనే తింటుంది, గజ్జెలను వదులుతుందా? పద్మ మొదటి జత ఏడాదిలో చిలుమెక్కి మూగబోయింది. పాత నూలు గుడ్డతో ఒక్కో గజ్జె తుడిచి, గుడ్డ సంచిలో పెట్టు. మెరుగు నగలకూ ఇదే జబ్బు. తలకు పెట్టే సూర్యుడు, చంద్రుడు, పాపిడి బిళ్ల, వంకీలు, ఒడ్డాణం, అన్నీ విడివిడిగా దూదిలో చుట్టి, బిగుతు మూత డబ్బాలో రెండు సుద్దముక్కలు వేసి పెట్టాలి. సుద్ద తేమను లాగేస్తుంది.

దుస్తులు మొదటి రెండేళ్లు అద్దెకు తెచ్చుకో. కుట్టించేటప్పుడు దర్జీకి చెప్పి నడుము దగ్గరా అంచు దగ్గరా రెండంగుళాల గుడ్డ లోపలికి మడిపించు, ఏటేటా విప్పుకోవచ్చు. పట్టును ఉతకకు. నీడలో గాలికి ఆరబెట్టు.

కార్యక్రమం రోజు సంగతి చెబితే నీకు నవ్వొస్తుంది. కళాభారతిలో అయినా, గురజాడ కళాక్షేత్రంలో అయినా, గుడిలో దసరా నవరాత్రుల పందిట్లో అయినా ఒకటే వరస. పిల్లను మధ్యాహ్నం రెండింటికి తీసుకురమ్మంటారు. మొహానికి రంగు, కాటుక, సవరం, జడ, పువ్వులు అన్నీ అయిదింటికి అయిపోతాయి. ఆరింటికి మొదలు కావాల్సింది ముఖ్య అతిథి కోసం ఆగుతుంది. ఆయన వచ్చాక మాట్లాడతారు. మాట్లాడినవారిని గురించి ఇంకొకరు మాట్లాడతారు. పిల్ల వేదిక మీద ఉండేది ఏడు నిమిషాలు, అదీ ఎనిమిదిన్నరకు. ఒకసారి నేను ఏమీ పెట్టకుండా తీసుకెళ్లాను. పద్మ తెర వెనక వరసలో నిలబడి కళ్లు తేలేసింది. అప్పటి నుంచి డబ్బాలో ఉసిరికాయంత ఇడ్లీ ముక్కలు చేసి పట్టుకెళ్లేవాణ్ని. పెదవుల రంగు చెదరకుండా నోట్లో వేయడం ఒక విద్య, నెయ్యి తక్కువ రాయాలి, కారప్పొడి అసలు వద్దు. నీళ్లు స్ట్రాతో. ఇవి కాక పిన్నీసులు ఓ డజను, సూదీదారం, నల్ల హెయిర్‌పిన్నులు, రంగు తుడవడానికి కొబ్బరినూనె ఉండాలి. పువ్వులు పొద్దున్నే పూర్ణామార్కెట్‌లో తెచ్చి తడిగుడ్డలో ఉంచు. పాదాలకు పెట్టిన పారాణి మూడు నాలుగు రోజులు పోదు. బడిలో అడుగుతారు, డైరీలో ముందే రాసి పంపు. పద్మకు ఒకసారి రాయడం మరిచిపోయి, ఎర్రటి వేళ్లతో ప్రార్థన మైదానంలో విడిగా నిలబడాల్సి వచ్చింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

బిరుదుల విషయం క్లుప్తంగా చెబుతాను. డబ్బు కడితే మెమెంటో, ఇంకొంచెం కడితే బిరుదు ఇచ్చే సభలు నీకు త్వరలోనే ఎదురవుతాయి. మేమూ ఒకసారి వేరే ఊరిలో జరిగిన అలాంటిదానికి, పేరెందుకులే, రైలు ఛార్జీలతో సహా సమర్పించుకున్నాం. వందల మంది పిల్లల్లో ముప్పయ్యో నలభయ్యో వరసలో, మధ్యాహ్నపు ఎండలో కాలే మైదానం మీద. తెచ్చిన షీల్డు అట్టముక్క ఊడి వచ్చింది. మీ పెద్దమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద మూతగా పెట్టింది. ఆ డబ్బు ఫీజు కింద ఉంచుకో, లేదా ఇద్దరూ కూర్చుని మంచి కచేరీ ఒకటి చూసి రండి. ప్రభుత్వ పరీక్షలు మాత్రం వేరు. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. దానికి తొందరేమీ లేదు, టీచరు చెప్పినప్పుడు కట్టు.

మీ బుజ్జిగాడు అక్క వెనకాల గెంతుతుంటే మీ మామగారు "ఆడంగి వేషాలేమిటి" అన్నారట, మీ పెద్దమ్మ చెప్పింది. పెద్దాయనతో వాదించకు. మెల్లగా ఒక్క మాట చెప్పు. కృష్ణా జిల్లా కూచిపూడి అగ్రహారంలో ఈ నాట్యాన్ని తరతరాలుగా ఆడినవాళ్లు మగవాళ్లే. సత్యభామ వేషంతో దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మగారికి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఊరి నుంచే మద్రాసు వెళ్లిన వెంపటి చినసత్యంగారు 1963లో అక్కడ అకాడమీ పెట్టారు. ఇప్పుడు మన పిల్లలు చేసేవాటిలో చాలా భాగం ఆయన కూర్చినవే. వాడికి అయిదేళ్లు నిండాక అడుగు, వస్తానంటే చేర్చు. లేదంటే గెంతనివ్వు.

మానేస్తానంటే ఏం చేయాలని కూడా అడిగావు. అంటుంది. ప్రతి పిల్లా ఎప్పుడో ఒకప్పుడు అంటుంది. పద్మ 2014 జూన్‌లో, పదో తరగతి మొదట్లో అంది. నేను పది రోజులు బతిమాలాను, రెండు రోజులు అరిచాను, తర్వాత గజ్జెల సంచి బీరువా మీద పెట్టేశాను. అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా కూలిన చెట్లు. మీ పెద్దమ్మ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. నాలుగో రాత్రో అయిదో రాత్రో నేను వసారాలో విసనకర్రతో పడుకున్నాను. లోపల చీకట్లో ఏదో చప్పుడు. మొదట మెల్లగా, మొదటి కాలంలో. కాసేపటికి రెండో కాలం. ఎక్కడో ఒక అడుగు తప్పింది, ఆగింది, మళ్లీ మొదటి నుంచి అందుకుంది. లోపలికి వెళ్లాలని ఎంత అనిపించిందో చెప్పలేను. వెళ్లలేదు. పొద్దున్న చూస్తే బీరువా పక్కన స్టూలు ఉంది. సంచి పైనే ఉంది గానీ ముడి వేరేలా ఉంది. నేనేమీ అడగలేదు. దీపావళి వెళ్లాక తనే వచ్చి, "నాన్నా, శనివారం స్కూటరు ఖాళీగా ఉంటుందా?" అంది.

ఈ ఆదివారం ఆద్యను తీసుకుని రా. పద్మ చిన్నప్పటి నగల డబ్బా కిందికి దించాను. ఒడ్డాణం కొక్కెం విరిగింది, కురుపాం మార్కెట్‌లో అతికించుకోవాలి. వంకీలు మాత్రం ఇప్పటికే ఆద్యకు సరిపోతాయనుకుంటాను. వచ్చేటప్పుడు చిన్న సుద్దముక్కల పెట్టె ఒకటి కొనుక్కురా, మా ఇంట్లో అయిపోయాయి.

ఇట్లు,
మీ పెదనాన్న