మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో లెచ్‌వర్త్‌కే వెళ్ళండి

నయాగరా నుంచి న్యూజెర్సీ తిరిగొస్తూ, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ లోయ చూపించవచ్చా అని అడిగారు కదండీ. వద్దు. అక్కడ 19 జలపాతాలు, అందం చెప్పనక్కర్లేదు, కానీ దారిలో 800 పైచిలుకు మెట్లు, పైగా రాళ్ళు ఎప్పుడూ తడిగా ఉంటాయి.

దానికి బదులు అదే రాష్ట్రంలోని లెచ్‌వర్త్ స్టేట్ పార్కుకు వెళ్ళండి. జెనెసీ నది కోసిన లోయ కొన్నిచోట్ల దాదాపు 600 అడుగుల లోతు. కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఇన్‌స్పిరేషన్ పాయింట్ నుంచి లోయ, జలపాతాలు, రైలు వంతెన కనిపిస్తాయి. 107 అడుగుల మిడిల్ ఫాల్స్ కూడా పార్కింగ్‌కు దగ్గరే. లోయర్ ఫాల్స్‌కు మాత్రం వందకు పైగా మెట్లు దిగాలి, అమ్మానాన్నలను అక్కడికి తీసుకెళ్ళకండి.

ఒక్క జాగ్రత్త: పార్కు 17 మైళ్ళ పొడవు, జలపాతాలు దక్షిణం కొసన ఉన్నాయి. జీపీఎస్‌లో మౌంట్ మోరిస్ కాకుండా కాస్టైల్ ద్వారం పెట్టుకోండి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, పిక్నిక్ బల్లలు బోలెడు.

ఇథాకా మీదుగా వస్తే టగానక్ ఫాల్స్ ఓవర్‌లుక్ దగ్గర తప్పక ఆగండి. 215 అడుగుల ధార, నయాగరా కంటే ఎత్తు!